ఆకాశహర్మ్యాలు ఎవరి కొరకు?

ఒక నగరం స్వభావం తెలియవలెనంటే దానిని పగటిపూట చూస్తే చాలదు. సాయంకాలం కార్యాలయాలు మూసిన తరువాత ఆ వీధులలో ఎవరు మిగులుతున్నారో, ఏ కిటికీలో దీపం వెలుగుతున్నదో కూడా చూడవలెను. అమెరికా నగరాల నడిబొడ్డున నిలిచిన ఆకాశహర్మ్యాలను గురించి మనం చదివే వర్ణనలన్నీ దాదాపు పగటి వర్ణనలే. అంతస్తుల సంఖ్య, అడుగుల లెక్క, అద్దాల తళతళ, వీటికి కొదువ లేదు. రాత్రి సంగతి మాత్రం అరుదు. ఆ రెండవ సంగతిని కూడా విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా అభిప్రాయాన్ని మొదటనే చెప్పివేయడం మంచిది. ఎత్తైన కట్టడం మానవ మేధకు గర్వకారణమే గాని దోషం కాదు. అయితే ఒక నగరం తన నడిబొడ్డునంతా ఆఫీసు అనే ఒకే ఒక పనికి అప్పగించి, భూమి ధర అనే ఒకే ఒక లెక్కను నమ్ముకొన్నప్పుడు, ఆ నగరం తన కాళ్లకు తానే సంకెళ్లు వేసుకొంటుంది. నూట నలభై సంవత్సరాల అమెరికా అనుభవం మనకు నేర్పుతున్న పాఠం ఇదేనని మా నమ్మకం.

ఆకాశహర్మ్యం పుట్టుకకు రెండు సాధనాలు కారణమైనవి. ఒకటి లిఫ్టు, రెండవది ఉక్కు చట్రం. సరుకులను పైకి లాగే యంత్రాలు అంతకు ముందు నుండీ ఉన్నవి. కాని తాడు తెగితే ప్రాణం దక్కదన్న భయం చేత మనుషులు వాటిని ఎక్కడానికి జంకేవారు. 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలైషా ఓటిస్ అనే యంత్రనిపుణుడు తాను నిలుచున్న వేదికను పైకెత్తించి, జనసమూహం చూస్తుండగా దాని తాడును తెగగొట్టించినాడు. వేదిక కొద్దిగా జారి అక్కడనే నిలిచిపోయినది. 1857లో బ్రాడ్‌వే వీధిలోని ఒక దుకాణంలో ప్రయాణికుల లిఫ్టు పనిచేయడం ప్రారంభించినది. మెట్లెక్కే ఓపిక అయిదారు అంతస్తులకు మించదు గనుక అంతవరకు పై అంతస్తులకు అద్దె తక్కువ. లిఫ్టు వచ్చిన తరువాత వ్యవహారం తారుమారైనది. గాలి, వెలుతురు కలిగి, వీధి రొద వినరాని పై అంతస్తులకే అద్దె ఎక్కువైనది.

ఇక గోడల సంగతి. ఇటుక గోడ మీదనే భారమంతా మోపి కట్టినంత కాలం ఎత్తు పెరిగే కొద్దీ గోడ లావెక్కక తప్పదు. 1891లో షికాగోలో కట్టిన మొనాడ్‌నాక్ భవనానికి 16 అంతస్తులున్నవి. నేల దగ్గర దాని గోడ మందం 6 అడుగులు. ఇంకా పైకి పోతే గోడలే కింది అంగళ్లను మింగివేస్తవి. ఈ చిక్కుకు విరుగుడు అదే నగరంలో 1885లోనే దొరికినది. విలియం లెబారన్ జెన్నీ అనే ఇంజనీరు హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీ కొరకు కట్టిన 10 అంతస్తుల భవనంలో భారంలో అధిక భాగాన్ని లోపలి ఇనుము, ఉక్కు చట్రం మోసినది. అప్పటి నుండి క్రమంగా గోడ భారం మోసే పని మానుకొని, ఎండకు, వానకు అడ్డుగా నిలిచే తెరగా మారినది.

ఇదంతా షికాగోలోనే ఎందుకు జరిగినది? 1871 అక్టోబరులో జరిగిన మహా అగ్నిప్రమాదం ఆ నగర కేంద్రాన్ని బూడిద చేసినది. కొత్తగా కట్టవలసిన చోటు చూస్తే ఒకవైపు సరస్సు, మరొకవైపు నది, ఇంకొకవైపు రైలు పట్టాలు. పక్కకు పోవడానికి దారి లేక పైకి పోయినారు. దానికి తోడు రైల్వే కంపెనీలు, బీమా కంపెనీలు, ధాన్యపు వ్యాపారులు దేశమంతటా విస్తరించిన తమ వ్యవహారాన్ని ఒక్క చోట కూర్చుని నడపవలసి వచ్చినది. టెలిఫోను, టైపు మిషను వచ్చినవి. గుమాస్తాల సేన తయారైనది. ఆ సేనలో మొదటిసారిగా స్త్రీలు వేల సంఖ్యలో ప్రవేశించినారు. ఆకాశహర్మ్యం చేసిన మేలులో దీనిని ముందుగా చెప్పవలెను. ఇల్లు, పొలం, మిల్లు తప్ప మరొక చోట కూలి దొరకని ఆడపిల్లలకు అది ఒక కొత్త ద్వారం తెరచినది.

అయితే ఈ కట్టడాల ఎత్తును నిర్ణయించినది గుమాస్తాల అవసరం మాత్రమే కాదు. వుల్‌వర్త్ భవనాన్ని రూపొందించిన శిల్పి కాస్ గిల్బర్ట్ 1900 సంవత్సరంలోనే ఆకాశహర్మ్యాన్ని భూమి చేత డబ్బు సంపాదింపజేసే యంత్రమని అభివర్ణించినాడు. ఇంతకంటె సూటిగా చెప్పినవారు లేరు. భూమి ధర పెరిగిన కొద్దీ దాని మీద అంతస్తులు పెంచవలెను. అంతస్తులు పెరిగిన కొద్దీ భూమి ధర ఇంకా పెరుగును. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆగేది కాదు. 1913లో పూర్తియైన ఆ వుల్‌వర్త్ భవనం 792 అడుగుల ఎత్తు. అయిదు సెంట్లకు, పది సెంట్లకు సరుకులమ్మే దుకాణాల యజమాని దానికి సుమారు 1 కోటి 35 లక్షల డాలర్లు రొక్కంగా చెల్లించినాడు.

ఈ చక్రం పొరుగువాని వెలుతురును కూడా మింగుతుందని న్యూయార్కు ప్రజలకు త్వరలోనే తెలిసివచ్చినది. 1915లో కట్టిన ఈక్విటబుల్ భవనం ఒక ఎకరాకు కొంచెం తక్కువైన స్థలంలో సుమారు 40 అంతస్తులు నిటారుగా లేచి, 12 లక్షల చదరపు అడుగుల ఆఫీసు స్థలాన్ని సృష్టించినది. చుట్టుపక్కల భవనాల కిటికీలు నీడలో పడినవి. వెలుతురు పోయిన గదులకు అద్దె పడిపోయినది. అప్పుడు గాని యజమానులకు చట్టం గుర్తుకు రాలేదు. 1916లో వచ్చిన నగర నిబంధన ప్రకారం ఒక ఎత్తు దాటిన తరువాత భవనం మెట్లు మెట్లుగా వెనుకకు జరుగవలెను, వీధికి ఎండ తగలనివ్వవలెను. ఆ కాలపు న్యూయార్కు భవనాలు మెట్లబావిని తలక్రిందులు చేసినట్లు కనిపించడానికి కారణం శిల్పుల ఊహ కంటె ఈ చట్టమే.

ఇతర నగరాలు వేర్వేరు దారులు పట్టినవి. షికాగో 1893లో 130 అడుగుల పరిమితి విధించి, తరువాత దానిని పలుమారులు మార్చినది. రాజధాని వాషింగ్టన్‌లో 1910 నాటి ఎత్తు చట్టం నేటికీ అమలులో ఉన్నది. లాస్ ఏంజెలెస్‌లో 150 అడుగుల పరిమితి 1957 వరకు సాగినది. ఫిలడెల్ఫియా కథ మరీ చిత్రమైనది. నగర స్థాపకుడు విలియం పెన్ విగ్రహం ఆ నగర సభాభవనం మీద 548 అడుగుల ఎత్తున నిలిచి ఉన్నది. ఆయన టోపీని మించి ఎవరూ కట్టరాదని పెద్దలు మాట అనుకొన్నారు. అది చట్టం కాకపోయినా 1980ల వరకు నిలిచినది. 1987లో ఒక ఆఫీసు భవనం ఆ టోపీని దాటిపోయినది. డబ్బు లెక్కకు ఎదురుగా మర్యాద అంతకాలం నిలువగలిగినదంటే అదే విశేషం.

ఎత్తు పెరిగినంత మాత్రాన లాభం పెరుగదని చెప్పినవారూ ఉన్నారు. 1930లో క్లార్క్, కింగ్‌స్టన్ అనే ఇద్దరు న్యూయార్కులో ఒక స్థలాన్ని తీసుకొని, భూమి ధర, కట్టుబడి ఖర్చు, లిఫ్టులు ఆక్రమించే చోటు, రాగల అద్దె అన్నీ లెక్కగట్టి, అక్కడ 63 అంతస్తులు దాటితే రాబడి శాతం తగ్గుతుందని తేల్చినారు. మరుసటి సంవత్సరం మే 1న 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం ప్రారంభమైనది. ఒక ఏడాదికి కొంచెం మించిన కాలంలో దానిని నిలబెట్టిన కార్మికుల నైపుణ్యానికి జోహారు చెప్పవలసిందే. కాని అప్పటికే ఆర్థికమాంద్యం దేశాన్ని కమ్మివేసినది. అద్దెదారులు కరువైనారు. జనం దానిని ఖాళీ భవనమని ఎగతాళి చేసినారు. అది లాభం కళ్లజూడడానికి సుమారు 1950 వరకు ఆగవలసి వచ్చినది. ఆకాశహర్మ్యం రేపటి మీద వేసిన పందెం వంటిది. కట్టే నాటి ఆశ వేరు, తలుపులు తెరిచే నాటి దేశకాల పరిస్థితి వేరు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వచ్చిన ఒక మార్పును ఇక్కడ జాగ్రత్తగా గమనించవలెను. చివరికి దాని దగ్గరకే మనం తిరిగి వస్తాము. అంతకు పూర్వం ఆఫీసు గది లోతును సూర్యుడు నిర్ణయించేవాడు. కిటికీ నుండి 25 లేక 30 అడుగులు దాటిన చోటుకు వెలుతురు చాలదు గనుక అద్దె రాదు. యుద్ధానంతరం శీతలీకరణ యంత్రాలు, ట్యూబులైట్లు చౌక అయినవి. ఇక కిటికీతో పని లేకపోయినది. 1952లో లీవర్ హౌస్, 1958లో సీగ్రామ్ భవనం అద్దాల యుగాన్ని ఆరంభించినవి. ఆ రెండూ అందమైనవే. కాని వాటి వెనుక వచ్చిన వందలాది భవనాలలో ఒక్కొక్క అంతస్తు మైదానమంత వెడల్పై, నడుమ కూర్చున్నవానికి పగలో రాత్రో తెలియని స్థితి వచ్చినది.

ఇంతవరకు చెప్పినది యంత్రాల కథ, లెక్కల కథ. ఇక మనుషుల కథ.

ఈ కొత్త భవనాలకు స్థలం ఎక్కడి నుండి వచ్చినది? 1949 నాటి గృహనిర్మాణ చట్టం, జీర్ణించిన పేటలను కొని, కూల్చి, చదును చేసి అప్పగించడానికి నగరాలకు కేంద్రం సొమ్ము ఇచ్చినది. 1956 నాటి రహదారుల చట్టం నగరాల గుండెల మీదుగా వెడల్పాటి దారులు వేయించినది. ఏ పేట జీర్ణించినదో నిర్ణయించే అధికారం ఆ పేటలో ఉండేవారికి లేదు. పిట్స్‌బర్గ్ నగర కేంద్రాన్ని ఆనుకొని ఉండిన లోయర్ హిల్ పేట ఒక ఉదాహరణ. నల్లజాతివారు అధికంగా, వారితో పాటు ఇతర వలస కుటుంబాలు కలసి మెలసి బ్రతికిన పేట అది. 1956 నుండి దానిని కూల్చి సుమారు 8,000 మందిని లేవగొట్టినారు. ఆ స్థలంలో ఒక క్రీడాభవనం, దాని చుట్టూ కార్లు నిలిపే మైదానాలు వెలసినవి. లాస్ ఏంజెలెస్‌లోని బంకర్ హిల్ మీద పాత కొయ్య మేడలలో అద్దెకుండిన వృద్ధులు, పేదలు వేల సంఖ్యలో తొలగింపబడినారు. నేడు ఆ గుట్ట మీద బ్యాంకుల భవనాలున్నవి. న్యూయార్కులో రేడియో సామగ్రి అమ్మే వందలాది చిన్న దుకాణాల వీధి ఒకటుండేది. దానిని రేడియో రో అనేవారు. దుకాణదారులు కోర్టుకెక్కి పోరాడినారు, ఓడినారు. 1966 నుండి ఆ వీధిని కూల్చి ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంట భవనాలను లేపినారు.

అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుకొనే మన విద్యార్థులకు ఈ పేరాను రెండవసారి చదువుమని మనవి. అభివృద్ధి అనే మాట వినిపించినప్పుడు ఎవరి ఇల్లు లేచిపోతున్నదని అడగడం అభివృద్ధికి అడ్డుపడడం కాదు. అది పౌరధర్మం.

పేటలు పోయిన తరువాత నగర కేంద్రంలో మిగిలినది ఉదయం తొమ్మిది గంటలకు వచ్చి సాయంకాలం అయిదు గంటలకు పోయే జనం. వారిలో ఎక్కువమంది శివారులలో ఇళ్లు కట్టుకొని కార్లలో వచ్చేవారు. వారి సౌకర్యార్థం మినియాపోలిస్‌లో 1962 నుండి భవనానికి, భవనానికి నడుమ గాలిలో వంతెనలు వేసినారు. హ్యూస్టన్‌లో నేల కింద సొరంగాలు తవ్వినారు. చలికి, ఎండకు అవి హాయియే. కాని నడిచే మనిషి వంతెన మీదనో, సొరంగంలోనో పోతుంటే కింద వీధికి దిక్కెవరు? కాకా హోటలు, పుస్తకాల కొట్టు, చెప్పులు కుట్టేవాడు, వీరందరూ వీధి మీద బ్రతికేవారు. వీధి ఖాళీ అయితే వారు పోక తప్పదు.

ఈ సందర్భంలో మన ఉపఖండానికి చెందిన ఒక మహనీయుని స్మరించుకొనడం మా విధి. ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ 1929లో ఢాకాలో జన్మించి, కలకత్తా సమీపంలోని శివపూర్‌లోను, ఢాకాలోను ఇంజనీరింగ్ చదివి, 1952లో విద్యార్థి వేతనంపై అమెరికా వెళ్లినారు. మూడు సంవత్సరాలలో రెండు మాస్టర్ పట్టాలు, ఒక డాక్టరేటు సాధించినారు. ఎత్తైన భవనాన్ని లోపలి స్తంభాల మీద కాక, వెలుపలి చట్రాన్నే గొట్టంలా బిగించి నిలబెట్టవచ్చునని ఆయన నిరూపించినారు. వెదురు బొంగు లోపల బోలుగా ఉండి కూడా గాలికి నిలిచినట్లే ఇదీను. చాలా తక్కువ ఉక్కుతో చాలా ఎత్తు సాధించే దారి దీనితో ఏర్పడినది. షికాగోలోని రెండు మహాభవనాలు ఆయన ప్రతిభకు సాక్షులు. 1969లో ముగిసిన 100 అంతస్తుల జాన్ హాంకాక్ సెంటర్ ఒకటి, 1974 నాటికి పూర్తియై 1,450 అడుగుల ఎత్తుతో ప్రపంచంలోనే అన్నిటికంటె పొడవైనదిగా సుమారు పాతికేళ్లు నిలిచిన సియర్స్ టవర్ మరొకటి. జిద్దాలో హాజీల కొరకు కట్టిన విమాన ప్రాంగణపు గుడారాల రూపకల్పనలోనూ ఆయన పాత్ర ఉన్నది. 1982లో ఆ జిద్దాలోనే ఆయన కన్నుమూసినారు.

ఆ రెండు భవనాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజనీరు ఒక్కరే, నగరం ఒక్కటే. హాంకాక్‌లో కింద అంగళ్లు, ఆపైన ఆఫీసులు, 44వ అంతస్తు నుండి సుమారు 700 కాపురాలు. సియర్స్ టవరు ప్రధానంగా ఒక్క కంపెనీ తన గుమాస్తాల కొరకు కట్టించుకొన్నది. ఆ కంపెనీ 1990ల ఆరంభంలోనే ఆ భవనాన్ని వదలి శివారుకు తరలిపోయినది. 2009లో భవనం పేరు మారినది. 2018లో ఆ కంపెనీ దివాలా తీసినది. హాంకాక్ భవనం పేరు కూడా మారినది గాని, ఆ కాపురాలలో నేటికీ ప్రతి సాయంకాలం దీపాలు వెలుగుతున్నవి. కంపెనీకి ఆయుర్దాయం ఉంటుంది. కాపురాలకు పరంపర ఉంటుంది. ఆ తేడాను ఇంతకంటె స్పష్టంగా చూపే జంట మరొకటి లేదు.

1980ల దశకం పందెపు స్వభావాన్ని మరింత బయటపెట్టినది. 1981 నాటి పన్నుల చట్టం భవనాల తరుగుదలను 15 సంవత్సరాలలోనే లెక్కలో చూపుకోవచ్చునన్నది. దానితో అద్దెదారులు ఉన్నా లేకపోయినా, పన్ను తగ్గించుకొనడానికి భవనం కట్టడమే లాభసాటి అయినది. 1986 నాటి చట్టం ఆ సౌకర్యాన్ని కుదించినది. అదే సంవత్సరం నూనె ధరలు కూలిపోగా, హ్యూస్టన్ వంటి నగరాలలో కొత్త భవనాలు అంతస్తులకు అంతస్తులు ఖాళీగా నిలిచినవి. శాన్‌ఫ్రాన్సిస్కో పౌరులు మాత్రం ఆ 1986లోనే ఓటు వేసి, ఏటా ఇంత విస్తీర్ణానికి మించి కొత్త ఆఫీసులు కట్టరాదని కట్టుదిట్టం చేసుకొన్నారు.

రాత్రి సంగతి చెబుతామని మొదట మాట ఇచ్చినాము. గుమాస్తాలు వెళ్లిన తరువాత ఈ భవనాలలోకి మరొక సేన వచ్చును. వారు ఊడ్చేవారు, తుడిచేవారు, చెత్తబుట్టలు ఖాళీ చేసేవారు. వారిలో చాలామంది మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుండి వచ్చిన వలసదారులు, అందులోనూ స్త్రీలు. భవన యజమానులు ఈ పనిని కాంట్రాక్టర్లకు అప్పగించిన తరువాత లాస్ ఏంజెలెస్‌లో వారి కూలి పడిపోయినది. సఫాయి కార్మికులకు న్యాయం అనే నినాదంతో 1985లో డెన్వర్‌లో మొదలైన ఉద్యమం నగర నగరానికి పాకినది. 1990 జూన్ 15న లాస్ ఏంజెలెస్‌లోని సెంచురీ సిటీ ఆఫీసు పేటలో ఊరేగింపుగా వస్తున్న కార్మికులను పోలీసులు లాఠీలతో కొట్టినారు. ఆ దృశ్యం దేశాన్ని కదిలించినది. కొద్ది కాలానికే ఒప్పందం కుదిరినది. ఆకాశహర్మ్యపు చరిత్రలో శిల్పుల పేర్లు, కంపెనీల పేర్లు వ్రాసి ఈ తేదీని వదలివేస్తే ఆ చరిత్ర సగమే అవుతుంది.

2001 సెప్టెంబరు 11న జంట భవనాలు కూలి, అక్కడ 2,753 మంది ప్రాణాలు కోల్పోయినారు. ఎన్నో దేశాలవారు, ఎన్నో మతాలవారు, అక్కడ కొలువు చేసుకొంటున్న ముస్లిములు కూడా ఆ మృతులలో ఉన్నారు. దుర్మార్గానికి మతం అంటగట్టేవారు ఈ సంగతిని మరువరాదు. ఆ తరువాత దక్షిణ మన్‌హాటన్ ఇక కోలుకోదని చాలామంది అన్నారు. కోలుకొన్నది. 1995లోనే నగరం అక్కడి పాత ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చేవారికి పన్ను రాయితీ ఇచ్చినది. క్రమంగా ఆ పేటలో కాపురాలు, వాటితో పాటు బడులు, అంగళ్లు పెరిగినవి. ఆఫీసుల పేట మనుషుల పేటగా మారుతున్న కొద్దీ దానికి దెబ్బ తట్టుకొనే శక్తి వచ్చినది.

ఆ శక్తి లేని నగరాల సంగతి 2020లో బయటపడినది. కరోనా వ్యాధి భయంతో గుమాస్తాలు ఇళ్లకు పోయినారు. పని మాత్రం ఆగలేదు. ఇంటి నుండియే జరిగిపోయినది. వ్యాధి తగ్గిన తరువాత కూడా వారిలో చాలామంది వారానికి రెండు మూడు రోజులకు మించి తిరిగి రాలేదు. 2023 చివరకు అమెరికా పెద్ద నగరాలలో ఆఫీసు స్థలంలో సుమారు అయిదవ వంతు ఖాళీ అయినది. 1979 తరువాత అంత ఖాళీ ఎన్నడూ లేదు. సెయింట్ లూయిస్‌లో 1986లో ఒక టెలిఫోను కంపెనీ కొరకు కట్టిన 44 అంతస్తుల భవనం 2006లో 20 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. 2017లో కంపెనీ ఖాళీ చేసినది. 2024లో అదే భవనం సుమారు 36 లక్షల డాలర్లకు చేతులు మారినది. చట్రం చెక్కుచెదరలేదు, లిఫ్టుల బావులు అలాగే ఉన్నవి. పోయినది ఒక్క అద్దెదారుడు. ఆ ఒక్కడు పోగా ధరలో నూటికి రెండు పాళ్లు కూడా మిగలలేదు.

మరి ఆ ఖాళీ భవనాలను ఇళ్లుగా మార్చరాదా అని విద్యార్థులు అడుగవచ్చును. మంచి ప్రశ్న. ఇందాక చెప్పిన కిటికీ సంగతి ఇక్కడనే అక్కరకు వస్తుంది. సూర్యుని నమ్ముకొని కట్టిన పాత భవనాలు సులభంగా ఇళ్లుగా మారుతున్నవి. వుల్‌వర్త్ భవనపు పై అంతస్తులలో నేడు కాపురాలున్నవి. ట్యూబులైటును నమ్ముకొని కట్టిన వెడల్పాటి భవనాలలో మాత్రం నడిమి భాగానికి గాలి, వెలుతురు లేవు. న్యూయార్కులో వాటర్ వీధిలోని 1969 నాటి ఆఫీసు భవనాన్ని 1,300 పైగా ఇళ్లుగా మార్చడానికి దాని నడుమ నిలువునా రెండు బావులు తొలిచి, ఆకాశాన్ని లోపలికి దింపవలసి వచ్చినది. ఆకాశాన్ని అందుకొన్నామని గర్వించిన కట్టడంలోకే ఆకాశాన్ని బ్రతిమాలి తెచ్చుకొనడం కాలం చేసిన పరిహాసం కాక మరేమిటి?

మా వాదానికి ఎదురుమాటలు లేకపోలేదు. ఒక్క చోట వేలమంది కలసి పనిచేయడం వలననే వ్యాపారం, విజ్ఞానం పెరిగినవని, భవనం ఎత్తు పోకపోతే నగరం పొలాల మీదికి పాకుతుందని అనేవారున్నారు. అందులో నిజమున్నది. నగర కేంద్రపు భవనాల నుండి వచ్చే పన్నులే బడులను, ఆసుపత్రులను నడిపినవన్నది కూడా కాదనలేని సత్యం. అందుకే మేము ఎత్తును నిందించడం లేదు. హాంకాక్ భవనం కూడా ఎత్తైనదే. మా అభ్యంతరం ఒంటి పంట మీద. ఒకే పంట వేసిన పొలానికి ఒకే తెగులు చాలునని మన రైతుకు తెలుసు. నగరానికీ అదే న్యాయం.

ఈ కథ మనకు దూరపు కథ కాదు. అమెరికా గుమాస్తా చేసిన పనిలో కొంత భాగం కంప్యూటర్ల ద్వారా మన దేశానికి వచ్చినది. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి నగరపు పడమటి దిక్కున ఆఫీసు భవనాలు వరుసలు కట్టినవి. అమెజాన్ సంస్థ విస్తీర్ణంలో తన అతిపెద్ద ఒంటి కట్టడమని చెప్పుకొన్న భవనాన్ని 2019లో ప్రారంభించినది హైదరాబాదులోనే. 2006 నాటి నిబంధనల నుండి ఇక్కడ స్థలానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టవలెనన్న పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ, ఇవే కొలతలు. ఆ భవనాలు మన పిల్లలకు అన్నం పెడుతున్నవి. అందుకు కృతజ్ఞత ఉండవలసిందే. కాని ఆ వీధులలో సాయంకాలం ఎవరు మిగులుతున్నారు? అక్కడ తుడిచేవారు, కాపలా కాసేవారు ఎంత దూరం నుండి వస్తున్నారు? వారికి నడిచేంత దూరంలో అద్దెకు ఒక గది దొరుకుతున్నదా? మన పాత బజారులలో కింద అంగడి, పైన కాపురం ఉండేది. దుకాణం మూసినా వీధి మూయబడేది కాదు. ఆ పద్ధతిని వెనుకబాటుతనమని తోసివేసే ముందు, దానినే నేడు అమెరికా నగరాలు కోట్ల డాలర్లు ఖర్చుచేసి తిరిగి నేర్చుకొంటున్నవని గుర్తుంచుకోవలెను.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు ఆ భవనాలలో కొలువు చేస్తారు, కొందరు పురపాలక సంఘాలలో కూర్చుంటారు. నక్షా మీ ముందుకు వచ్చిన నాడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ స్థలం నుండి ఎవరు లేచిపోతున్నారు? ఈ అద్దెదారుడు పోతే ఈ కట్టడం మరి దేనికి పనికివస్తుంది? రాత్రి ఇక్కడ దీపం పెట్టేవారెవరు? ఈ మూడింటికి జవాబు దొరికిన భవనం ఎంత ఎత్తైనా కట్టవచ్చును. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ వంటివారి జీవితాలను, నగర నిర్మాణాన్ని గురించిన నాలుగు పుస్తకాలను మన గ్రంథాలయంలో ఉర్దూలోను, తెలుగులోను దొరికినంత మేరకు చేర్పించి, ఏడాదికొకసారి ఈ విషయం మీద ఒక ఉపన్యాసం ఏర్పాటు చేయించవలెనని కోరుతున్నాము. ఢాకా నుండి విద్యార్థి వేతనంతో వెళ్లిన ఒక యువకుడు లోకానికి ఎత్తుగా కట్టడం నేర్పినాడు. ఎవరి కొరకు కట్టవలెనో ఆలోచించే యువకుడు, యువతి మన తరగతి గదుల నుండి రావలెనని మా ఆకాంక్ష.